నిఖాకి రేటు కట్టిందెవరు?

నిఖా జరగాలంటే ఏం కావాలి? అమ్మాయి ఒప్పుకోవాలి. అబ్బాయి ఒప్పుకోవాలి. ఇద్దరు సాక్షులు వుండాలి. మెహర్ ఎంతో తేలాలి. ఖాజీ సాబ్ పుస్తకంలో సంతకాలు పడాలి. అంతే. దావత్ పెట్టే తాహతు లేని బస్తీ ఇళ్ళల్లో ఖర్జూరాలు పంచి, షర్బత్ పోసి నిఖా అయిందనిపించడం మనకి తెలియంది కాదు. పేదవాడికి పెళ్ళి బరువే, కాని నిషేధం కాదు.

అదే జంటలో ఒకరు హైదరాబాద్‌లోనూ మరొకరు అమెరికాలోనూ వుంటే మాత్రం ఇంకో సాక్షి కావాలి. ఆ సాక్షి పేరు జీతం. ఏడాదికి ఇంత సంపాదిస్తున్నానని ట్యాక్స్ కాగితాలు సాక్ష్యం చెప్పకపోతే ఖాజీ చదివించిన నిఖా ఖాజీ పుస్తకంలోనే వుండిపోతుంది. భార్య ఇక్కడ, భర్త అక్కడ. లేదా భర్త ఇక్కడ, భార్య అక్కడ. మధ్యలో వీడియో కాల్.

ఈ సంగతి తెలుగు పత్రికల్లో ఎందుకు రాదు? అమెరికా తెలుగువాళ్ళు అనగానే మనకి కనిపించేది కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి. అతను హెచ్-1బి మీద వెళ్తాడు, భార్యని హెచ్-4 మీద తీసుకెళ్తాడు. అతన్ని ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఇక ముస్లిం అనగానే కనిపించేది దుబాయ్ డబ్బు. ఈ రెండు బొమ్మల మధ్య ఇంకో మనిషి మాయమైపోయాడు. అన్న పెట్టిన అర్జీ మీద ఏళ్ళ తరబడి వరసలో నిలబడి, నడివయసులో పెళ్ళాం పిల్లలతో చికాగో చేరి టాక్సీ నడిపినవాడు. వాడి వెంట వెళ్ళి, చదువు మధ్యలో ఆపేసి, పెట్రోలు బంకు కౌంటర్లో నిలబడిన కొడుకు. ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పనిలో కుదిరిన కూతురు. చికాగో డెవాన్ అవెన్యూలో హైదరాబాదీ బిర్యానీ తిని, ఫొటోలు తీసుకుని వచ్చిన మన రచయితలు ఆ ప్లేట్లు కడుగుతున్న చేతుల్ని చూడలేదు. ఆ చేతులకి కూడా పెళ్ళి వయసు వస్తుంది. వాళ్ళకీ సంబంధాలు ఇక్కడే చూస్తారు. టోలీచౌకీలోనో, మల్లేపల్లిలోనో, నిజామాబాద్‌లోనో, కర్నూల్లోనో. ఈ వ్యాసం వాళ్ళ గురించి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. అమెరికా పౌరుడు గాని, గ్రీన్‌కార్డ్ వున్నవాడు గాని భార్యనో భర్తనో పిలిపించుకోవాలంటే ఫారం ఐ-864 మీద సంతకం పెట్టాలి. దాన్ని అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ అంటారు. వచ్చే మనిషిని నేను పోషిస్తాను, ప్రభుత్వం మీద పడనివ్వను అని రాసిచ్చే ఒప్పంద పత్రం అది. ఆ సంతకం చెల్లాలంటే కుటుంబం ఆదాయం ఆ దేశపు దారిద్ర్యరేఖకి 125 శాతం వుండాలి. సైన్యంలో పనిచేసేవాడు భార్యాపిల్లల్ని పిలిపించుకుంటే 100 శాతం చాలు. తుపాకి పట్టిన చేతికి పాతిక శాతం తగ్గింపు. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న ఇంటికి దారిద్ర్యరేఖ 21,150 డాలర్లు. దాని మీద 125 శాతం అంటే 26,437 డాలర్లు.

ఇప్పుడు అదే దేశం రాసుకున్న ఇంకో చట్టం చూడండి. అక్కడి కేంద్ర ప్రభుత్వం కట్టిన కనీస కూలి గంటకి ఏడు డాలర్ల ఇరవై అయిదు సెంట్లు. 2009 జులైలో కట్టిన రేటు అది. ఆ తర్వాత పెంచలేదు. వారానికి 40 గంటలు, ఏడాదికి 52 వారాలు, ఒక్క రోజు నాగా లేకుండా, రంజాన్ ఈదుకి కూడా సెలవు పెట్టకుండా పనిచేస్తే చేతికొచ్చేది 15,080 డాలర్లు. టెక్సాస్‌లో ఇప్పటికీ ఇదే కనీస కూలి. హ్యూస్టన్‌లో, డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది వున్నారో వేరే చెప్పాలా?

15,080 ఎక్కడ? 26,437 ఎక్కడ? ఒక చట్టం ఇంత ఇస్తే చాలు అంటుంది. ఇంకో చట్టం అంత వస్తే నీకు భార్య లేదు అంటుంది. రెండింటి మీదా సంతకం పెట్టింది ఒకే రాజ్యం. కూలి ఇచ్చేటప్పుడు సరిపోతుందని లెక్కకట్టిన డబ్బు, కాపురం పెట్టేటప్పుడు ఎందుకు సరిపోదు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పమనండి చాలు.

ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలు కనీస కూలి పెంచుకున్నాయి. 2025 జనవరి నుంచి అక్కడ గంటకి 15 డాలర్లు. ఏడాదికి 31,200. ఇద్దరున్న ఇంటికి ఇది గీత దాటుతుంది. కాని ఇద్దరు పిల్లలున్న ఒక తలాఖ్ అయిన స్త్రీ మళ్ళీ నిఖా చేసుకుందనుకోండి. లేదా భర్త చనిపోయిన స్త్రీ. ఇంట్లో నలుగురు అవుతారు. గీత 40,187 డాలర్లకి జరుగుతుంది. పిల్లలు వున్నందుకు జీతం పెరగదు, గీత మాత్రం పెరుగుతుంది. మళ్ళీ బతుకు మొదలెట్టుకుందామనుకున్న ఆడదానికి, పిల్లల్ని సాకుతున్నందుకు చట్టం వేసిన జుర్మానా ఇది.

అసలు ఆ దారిద్ర్యరేఖ ఎక్కడ పుట్టింది? 1960లలో సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో పనిచేసిన మోలీ ఒర్షాన్‌స్కీ అనే ఆమె గీసింది. ఆమె తల్లిదండ్రులు బతుకు వెతుక్కుంటూ యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళు. కుటుంబం చవగ్గా తినడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టి దాన్ని మూడింతలు చేసింది. ఇంతకంటే తక్కువ వస్తే ఆ ఇంట్లో ఆకలి వున్నట్టే అని చెప్పడానికి ఆ లెక్క. పేదవాడికి ఏం బాకీ పడ్డామో సర్కారుకి గుర్తుచేయడానికి పుట్టిన గీతని, పేదవాడి గుమ్మానికి గొళ్ళెం చేశారు.

ఈ గొళ్ళెం కొత్తదేం కాదు. 1882లో అమెరికా ఒకే ఏడాది రెండు చట్టాలు చేసింది. ఒకటి చైనా కూలీల్ని రానివ్వకూడదని. రెండోది తనని తాను పోషించుకోలేక ప్రభుత్వం మీద భారమయ్యేవాళ్ళని రానివ్వకూడదని. రంగు చూసి ఆపే చట్టమూ జేబు చూసి ఆపే చట్టమూ మూడు నెలల తేడాతో పుట్టిన తోబుట్టువులు. 1917లో ఆసియాలో చాలా భాగాన్ని గిరిగీసి మనల్ని బయట పెట్టారు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీకి, అమెరికా సైన్యంలో పనిచేసినవాడికి, నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి పౌరుడివి కాలేవు అని సుప్రీంకోర్టు చెప్పింది. 1965 చట్టంతో దేశాన్ని బట్టి, జాతిని బట్టి ఆపడం పోయింది. హైదరాబాద్ నుంచి మనవాళ్ళు వెళ్ళగలిగింది ఆ తర్వాతే. రంగు చట్టం సిగ్గుపడి తప్పుకుంది. జేబు చట్టానికి సిగ్గు లేదు. అది నిలబడే వుంది. 1996లో ఇంకా బిగిసింది. అంతకుముందు స్పాన్సర్ రాసిచ్చే మాటకి కోర్టులో విలువ వుండేది కాదు. 1996 చట్టం దాన్ని కోర్టుకీడ్చగల ఒప్పందం చేసింది, 125 శాతం గీత గీసింది. 1997 డిసెంబర్ నుంచి ఈ ఫారం అమల్లోకి వచ్చింది.

2017లో కొన్ని ముస్లిం దేశాల మీద ట్రంప్ నిషేధం పెట్టినప్పుడు విమానాశ్రయాల్లో జనం పోగయ్యారు. లాయర్లు నేల మీద కూర్చుని పిటిషన్లు రాశారు. మన దగ్గర సెక్యులర్ మిత్రులు కూడా కవితలు రాశారు. మంచిదే. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2021లో బైడెన్ ఎత్తేశాడు. కాని ఈ 125 శాతం గీతని క్లింటన్ గీశాడు, బుష్ వుంచాడు, ఒబామా వుంచాడు, ట్రంప్ వుంచాడు, బైడెన్ వుంచాడు. ఎవరూ విమానాశ్రయానికి పోలేదు. మతం పేరుతో మూసిన తలుపు అందరికీ కనిపించింది. జీతం పేరుతో మూసిన తలుపు దగ్గర మనిషి వొంటరిగా నిలబడ్డాడు. పైగా తల వంచుకుని నిలబడ్డాడు. ముస్లింవని ఆపితే కోపం వస్తుంది, పేదవాడివని ఆపితే సిగ్గేస్తుంది. ఆ సిగ్గు మీదే ఈ చట్టం బతుకుతోంది.

ఇక ఆ దేశపు న్యాయస్థానాలే ఏం చెప్పాయో వినండి. 1939లో ఫ్రెడ్ ఎడ్వర్డ్స్ అనే ఒక తెల్లవాడు కాలిఫోర్నియా నుంచి టెక్సాస్ వెళ్ళి, పనిలేని తన బావమరిదిని కారులో ఎక్కించుకుని వచ్చాడు. చేతిలో కాసు లేనివాణ్ణి మా రాష్ట్రంలోకి తెచ్చావని కాలిఫోర్నియా అతని మీద కేసు పెట్టింది. 1941లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. పేదవాడన్న కారణంతో మనిషిని సరిహద్దు దగ్గర ఆపడం కుదరదంది. మళ్ళీ 1978. విస్కాన్సిన్ రాష్ట్రంలో రోజర్ రెడ్‌హెయిల్ అనే పనిలేని పేదవాడు పెళ్ళికి లైసెన్స్ అడిగితే, నీకు అంతకుముందు పుట్టిన బిడ్డకి పోషణ బాకీ వుంది, అది తీరేదాకా పెళ్ళి లేదు అన్నారు. సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కూడా కొట్టేసింది. పెళ్ళి ప్రాథమిక హక్కు, డబ్బు లేదని ఆపలేరు అంది.

విన్నారుగా. లోపలున్న పేదవాడు రాష్ట్రం దాటొచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, రెండూ హక్కులే. మరి పెళ్ళాడిన మనిషి దేశం బయట వుంటే? 2024 జూన్‌లో అదే సుప్రీంకోర్టు శాండ్రా మున్యోస్ అనే అమెరికా పౌరురాలి కేసులో తేల్చి చెప్పింది. ఆమె భర్తది ఎల్ సాల్వడార్. అతనికి వీసా నిరాకరించిన కారణం జీతం కాదు, నేరస్తుల ముఠాతో సంబంధం వుందన్న అనుమానం. కాని తీర్పు అందరికీ తగిలేదే. విదేశీ భర్తని దేశంలోకి రానివ్వాలని అడిగే ప్రాథమిక హక్కు పౌరురాలికి లేదని అయిదుగురు జడ్జీలు అన్నారు, ముగ్గురు కాదన్నారు. అంటే పెళ్ళి చేసుకునే హక్కు వుంది, కలిసి కాపురం చేసే హక్కు లేదు. అన్నం తినే హక్కు వుంది, నమిలే హక్కు లేదు అన్నట్టుంది.

దీనికి వాళ్ళు చెప్పే జవాబు తెలుసు. వచ్చినవాళ్ళు మా ఖజానా మీద పడతారు, మా పన్నులు తింటారు. ఈ మాట మన మధ్యతరగతి కూడా నమ్ముతుంది. 'ఎవడి దేశం వాడిష్టం, పోషించలేనివాడికి పెళ్ళెందుకు?' అని మన ఇళ్ళల్లోనే అంటారు. కాస్త ఆగి లెక్క చూద్దాం.

మొదటిది. 1996లోనే చేసిన ఇంకో చట్టం ప్రకారం గ్రీన్‌కార్డ్ మీద కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామందికి మొదటి అయిదేళ్ళు కేంద్ర ప్రభుత్వపు పేదల సాయం అందదు. ఫుడ్ స్టాంపులు లేవు, ఆస్పత్రి సాయం లేదు. తినడానికి వీల్లేకుండా ముందే తాళం వేసిన గిన్నెకి మళ్ళీ కాపలా ఎందుకు?

రెండోది. వచ్చే మనిషి దిగిన రోజు నుంచి పనిచేయొచ్చు. గ్రీన్‌కార్డ్ అంటేనే అది. బీకామ్ చదివిన అమ్మాయి వెళ్తుంది, కుట్టుపని వచ్చిన అమ్మాయి వెళ్తుంది, ఏసీ మెకానిక్ వెళ్తాడు. వాళ్ళు రేపు సంపాదించబోయేదాన్ని ఈ లెక్కలోకి తీసుకోరు. అక్కడ వుద్యోగం ఇస్తామని కాగితం చూపించినా లెక్కలోకి రాదు. ఇంట్లోకి కొత్తగా వచ్చే నోటిని లెక్కపెడతారు, ఆ నోటితోపాటు వచ్చే రెండు చేతుల్ని మాత్రం లెక్కపెట్టరు. విడివిడిగా రెండు చోట్ల రెండు పొయ్యిలు వెలిగించడం కంటే ఒక్క పొయ్యి చవకని ఏ అమ్మీని అడిగినా చెబుతుంది.

మూడోది. నిజంగా ఖజానా గురించే బాధైతే డబ్బున్నవాళ్ళకి వేరే దారి ఎందుకు? 8 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి పదిమందికి వుద్యోగాలు చూపిస్తే భార్యాపిల్లలతో సహా గ్రీన్‌కార్డ్ ఇచ్చే పద్ధతి వుంది. 2025 సెప్టెంబర్‌లో పది లక్షల డాలర్ల గోల్డ్ కార్డ్ కూడా ప్రకటించారు. దేశం తలుపులకి రేటు బోర్డు కట్టాక, ఇది మర్యాదస్తుల ఇల్లు అని చెప్పడం ఎవరిని నమ్మించడానికి?

ఇంకో వాదన వుంది. దాన్ని కొట్టిపారేయను. ఈ అఫిడవిట్ ఆడవాళ్ళకి రక్షణ అంటారు. నిజమే. భర్త తీసుకెళ్ళి వదిలేస్తే, ఆ సంతకం చూపించి పోషణ కోసం అతని మీద దావా వేసే హక్కు భార్యకి వుంది. తలాఖ్ ఇచ్చినా ఆ బాధ్యత తీరదు. ఆమె పౌరురాలు అయ్యేదాకా, లేదా ఆమె ఖాతాలో నలభై త్రైమాసికాల పని లెక్క పడేదాకా, లేదా ఆమె ఆ హోదా వదులుకుని దేశం విడిచిపోయేదాకా, లేదా వాళ్ళలో ఒకరు చనిపోయేదాకా వుంటుంది. మంచి హక్కే. కాని దాన్ని ఆమెకి చెప్పేదెవరు? అమెరికాలో దిగిన ఎంతమంది కోడళ్ళు ఆ కాగితం చూశారు? భర్త సంతకం పెట్టిన ఒప్పందం నకలు భార్య చేతిలో పెట్టి, ఆమెకి వచ్చిన భాషలో చదివి వినిపించడం తప్పనిసరి చేస్తే అది రక్షణ. ఆమె చేతికి ఇవ్వకుండా, ఆమె రాకనే ఆపడానికి వాడుకుంటే అది కాపలా.

పైగా ఈ గీత ఎవరి మీద ఎక్కువ పడుతోంది? ఆడవాళ్ళ మీదే. స్పాన్సర్ అనగానే మగవాడు అనుకుంటాం. చికాగోలో పెరిగిన అమ్మాయికి హైదరాబాద్ అబ్బాయితో నిఖా చేసిన ఇళ్ళు ఎన్ని లేవు? ఆమె డే కేర్‌లో పనిచేస్తుంది. సగం రోజు పని, సగం రోజు అమ్మీ డయాలసిస్. ఆ సగం రోజుకి జీతం లేదు. అమ్మీకి సేవ చేసినందుకు డాలర్లు రాలవు కాబట్టి చట్టం దృష్టిలో ఆమె ఏ పనీ చేయనిది. అబ్బాయి ఇక్కడ కూర్చుని 'పెళ్ళాం ఎప్పుడు పిలుస్తుందిరా?' అనే మాటలు పడుతుంటాడు. రెండేళ్ళు గడిస్తే అత్తగారి వైపు నుంచి తలాఖ్ మాట మొదలవుతుంది. ఆ తలాఖ్‌కి కారణం షరియత్ అని టీవీలో చర్చ పెడతారు. ఫారం ఐ-864 పేరు ఏ యాంకరూ ఎత్తడు.

అమెరికా ఒక్కటే అనుకోకండి. బ్రిటన్ కథ ఇంకా పాతది. 1979లో హీత్రూ విమానాశ్రయంలో, పెళ్ళి చేసుకోవడానికి వచ్చిన ఒక భారతీయ స్త్రీకి కన్యత్వ పరీక్ష చేశారు. తర్వాత 'ప్రైమరీ పర్పస్' అనే రూలు తెచ్చారు. నువ్వు పెళ్ళి చేసుకుంది ప్రేమ కోసమేనని, బ్రిటన్ రావడానికి కాదని నిరూపించుకో అనేవాళ్ళు. మన వుపఖండం నుంచి వెళ్ళే భర్తల్ని దానితో ఏళ్ళ తరబడి వెనక్కి తిప్పారు. 1997లో దాన్ని తీసేశారు. 2012 జులైలో దాని స్థానంలోకి డబ్బు వచ్చింది. ఏడాదికి 18,600 పౌండ్లు సంపాదిస్తేనే భార్య. 2017లో అక్కడి సుప్రీంకోర్టు ఈ గీత వేలాది కుటుంబాలని బాధపెడుతుందని ఒప్పుకుంటూనే, పిల్లల సంగతి సరిగా చూడలేదని మందలిస్తూనే, గీత గీయడం మాత్రం చట్టబద్ధమే అంది. 2024 ఏప్రిల్‌లో దాన్ని ఒక్కసారిగా 29,000 చేశారు. 2025 ఏప్రిల్‌లో అక్కడి కనీస కూలి గంటకి 12.21 పౌండ్లు. వారానికి 40 గంటలు ఏడాదంతా చేస్తే 25,397 పౌండ్లు. మళ్ళీ అదే కథ. చట్టం కట్టిన కూలితో చట్టం గీసిన గీత దాటలేరు. ఆడవాళ్ళ శరీరాలు వెతికిన చేతులే ఇప్పుడు జీతం చీటీలు వెతుకుతున్నాయి.

అయినా ఎక్కడో ఒక చోట ఎవరో గెలుస్తారు. మొరాకో నుంచి 1970లో హాలండ్ వెళ్ళిన షక్రూన్ అనే ఒక ముస్లిం కార్మికుడు 1972లో పెళ్ళి చేసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ కాపురం తర్వాత, 2006లో భార్య అతని దగ్గరికి రావడానికి అర్జీ పెట్టింది. కనీస కూలికి 120 శాతం, అంటే నెలకి 1,441 యూరోలు రావాలన్నారు. వుద్యోగం పోయి నిరుద్యోగ భృతి మీద వున్న అతనికి వచ్చేది 1,322. నూటపందొమ్మిది యూరోలు తక్కువైనందుకు ముప్పై నాలుగేళ్ళ నిఖా చెల్లలేదు. రిమూ షక్రూన్ అనే ఆ పెద్దావిడ వూరుకోలేదు. యూరప్ కోర్టు దాకా పోయింది. 2010 మార్చిలో కోర్టు ఆమె వైపు తీర్పు చెప్పింది. ఒకే అంకె పెట్టి అందరినీ కొలవకూడదు, ఒక్కో కుటుంబం పరిస్థితి విడిగా చూడాలి, కుటుంబాల్ని కలపడమే చట్టం వుద్దేశం అంది. మన ఆడవాళ్ళని నోరులేనివాళ్ళని జాలిపడే మేధావులు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా తెల్లవాళ్ళ దుర్మార్గం అని సరిపెట్టుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. మన ముస్లిం దేశాలు ఏం చేస్తున్నాయి? గల్ఫ్ వీసాకీ అమెరికా వీసాకీ పోలిక లేదు, అక్కడ స్థిరపడనివ్వరు, పౌరసత్వం మాట అసలే లేదు. కాని భార్యని తెచ్చుకోవడానికి జీతం కొలత మాత్రం అక్కడా వుంది. సౌదీ ప్రభుత్వం 2017 జులై నుంచి విదేశీ వుద్యోగుల మీద ఆధారపడిన ఒక్కొక్కరికి నెలకి 100 రియాళ్ళ పన్ను వేసింది. ఏటా వంద చొప్పున పెంచి 2020కి 400 చేసింది. భార్యా ఇద్దరు పిల్లలూ వున్నవాడికి నెలకి 1,200. పాతబస్తీకి తట్టాబుట్టా సర్దుకుని తిరిగొచ్చిన కుటుంబాల్ని అడగండి, ఆ పన్ను అంటే ఏమిటో చెబుతారు. కువైట్ 2024 జనవరిలో ఫ్యామిలీ వీసాకి 800 దినార్ల జీతం, దాంతోపాటు యూనివర్సిటీ డిగ్రీ కూడా అడిగింది. డిగ్రీ షరతు అదే ఏడు ఎత్తేశారు, ఆ జీతం షరతు మాత్రం వుంచారు. కడప నుంచి, కరీంనగర్ నుంచి వెళ్ళి డ్రైవర్‌గానో వంటమనిషిగానో బతికేవాడికి ఆ జీతం కలలోకి కూడా రాదు. ఉమ్మత్ అంతా ఒకటే అని జుమ్మా రోజు వినడమే గాని, ఇఖామా ఆఫీసులో ఆ మాట వినిపించదు. అదే గల్ఫ్ నుంచి ముసలి షేకులు హైదరాబాద్ వచ్చి పిల్లల్ని నిఖా పేరుతో కొనుక్కుపోయినప్పుడు ఏ గీతా అడ్డు రాలేదు. 1991లో విమానంలో ఏడుస్తున్న పదేళ్ళ పాపని ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించకపోయుంటే ఆ వ్యాపారం లోకానికి తెలిసేది కాదు. డబ్బున్న ముసలివాడి నేరానికి దారి వుంది, డబ్బులేని పడుచువాడి హలాల్ నిఖాకి దారి లేదు.

కొందరు మౌల్వీలు కూడా అంటారు, భార్య నఫఖా మగవాడి బాధ్యత కదా, పోషించగలిగితేనే పెళ్ళి అని మన దీన్ కూడా చెబుతుంది కదా అని. చెబుతుంది. కాని నఫఖా భార్యకి భర్త మీద వుండే హక్కు. అది ఎవడి తాహతు కొద్దీ వాడివ్వాలి. వున్నవాడు వున్నదాంట్లోంచి, తక్కువున్నవాడు ఆ తక్కువలోంచి. ఇవ్వడానికి ఏమీ లేదన్న మనిషిని ఇనుప ఉంగరమైనా వుందేమో చూసుకుని రమ్మని, అదీ లేకపోతే వచ్చిన ఖురాన్ ఆయతులే మెహర్‌గా పెట్టి నిఖా చేయించిన ప్రవక్త హదీసు మనకి తెలుసు. ఇన్ని రియాళ్ళు లేకపోతే నీ భార్య నీ దగ్గర వుండకూడదని చెప్పే హక్కు ఏ సుల్తాన్‌కీ లేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఈ చట్టంలో ఒక దారి వుంది. స్పాన్సర్ జీతం చాలకపోతే ఇంకొకరు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టొచ్చు. బంధువే కానక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు నిండి, అమెరికాలో స్థిరంగా వుంటున్న పౌరుడో గ్రీన్‌కార్డ్ వున్నవాడో అయితే చాలు. ఒకే ఇంట్లో వుండే అన్నదమ్ముల జీతం కలిపి చూపించొచ్చు. ఆస్తి కూడా చూపించొచ్చు. పౌరుడు భార్యని పిలిపించుకుంటే, తక్కువైన మొత్తానికి మూడింతలు ఆస్తి వుండాలి. ఏడాదిలోపు నగదు చేయగలిగితే ఇక్కడి ఇల్లూ స్థలమూ కూడా పనికొస్తాయి. 18,000 సంపాదించేవాడికి తక్కువపడేది 8,437. దానికి మూడింతలు 25,311 డాలర్ల ఆస్తి. ఈ సంగతి చెప్పకుండా డబ్బు గుంజే ఏజెంట్లు ఇక్కడా వున్నారు, అక్కడా వున్నారు.

మరి ఆ రెండో సంతకం పెట్టేదెవరు? అమెరికాలో మన డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, ఖాందానీ పేర్లున్నాయి. కోట్లు పెట్టి మసీదులు కట్టారు. రంజాన్‌లో ఇఫ్తార్లు పెడతారు, జకాత్ పంపుతారు. టాక్సీ నడిపే తమ్ముడి కొడుకు ఫారం పట్టుకుని వస్తే మాత్రం, 'బేటా, ముందు నువ్వు సెటిల్ అవ్వు' అంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. పదేళ్ళ పాటు మెడకి చుట్టుకునే బాధ్యత అది. కాని నిజంగా ఆ దావా పడే అవకాశం ఎంత, పెళ్ళయిన ఇద్దరు పిల్లలు విడివిడిగా మగ్గిపోయే బాధ ఎంత? ఏటా జకాత్ లెక్కవేసే చేతికి ఈ తూకం తెలియదా? సంతకం పెట్టినవాళ్ళూ వున్నారు. వాళ్ళలో కొందరు ఆ సంతకాన్ని తర్వాత కోడలి నెత్తిన కుంపటిలా పెట్టారు. నా సంతకంతో వచ్చావు, నా ఇంట్లో పనిచేయాలి అని. ఇంకొందరు అబ్బాయిలు గ్రీన్‌కార్డ్ చూపించి ఇక్కడ జహేజ్ రేటు పెంచారు. రాజ్యం నిఖాకి కట్టిన రేటు మీద మనవాళ్ళు కమిషన్ తింటున్నారు. అష్రాఫ్ ఇళ్ళల్లో దీన్ని ఖాందాన్ మర్యాద అంటారు. దూదేకుల ఇంట్లో, కసాబ్ ఇంట్లో పిల్ల జీవితం దీంతో తెల్లారిపోతుంది.

సెక్యులర్ మిత్రులకి ఒక మాట. ముస్లిం సమస్య అంటే బాబ్రీ మసీదు, తలాఖ్, బురఖా అని మీరు మూడు గదులు కట్టి పెట్టారు. మేం ఆ గదుల్లోనే వుండాలని మీ కోరిక. ఈ సమస్య ఆ మూడింట్లోనూ పట్టదు. ఇది పేద మనిషి కాపురం సమస్య. మెక్సికో మనిషికీ వుంది, ఫిలిప్పీన్స్ మనిషికీ వుంది, తెనాలి నుంచి వెళ్ళి మోటెల్లో గదులు వూడ్చే హిందువుకీ వుంది. ముస్లింకి అదనంగా వున్నది ఒకటే. జేబులో డబ్బు లేదని ఆపిన మనిషి పేరు చూసి ఇంకో అనుమానం కూడా పడతారు. పేదరికం మీద మాట్లాడేటప్పుడు మమ్మల్ని ముస్లింలు అని పక్కన పెట్టి, ముస్లింల మీద మాట్లాడేటప్పుడు మా పేదరికాన్ని పక్కన పెట్టడం ఇక మానండి.

మేం అడుగుతున్నది భిక్ష కాదు. ఒక దేశం చట్టబద్ధంగా ఎంత కూలి ఇస్తుందో ఆ కూలితో బతికేవాడికి భార్యతో వుండే హక్కు వుండాలి. వచ్చే మనిషి చేతులు కూడా లెక్కలోకి రావాలి. ఒక్క అంకెతో కాకుండా ఒక్కో ఇంటినీ చూసి తేల్చాలి. అఫిడవిట్ నకలు ఆడపిల్ల చేతిలో, ఆమె భాషలో వుండాలి. మన మసీదు కమిటీలు జాయింట్ స్పాన్సర్ల జాబితా ఒకటి రాసి గోడకి అంటించాలి, చందాల జాబితా అంటించినట్టే. గల్ఫ్ రాజులకి మన దేశపు విదేశాంగ శాఖ ఎర్ర తివాచీ పరిచేటప్పుడు, మన డ్రైవర్ల కాపురాల సంగతి కూడా ఆ బల్ల మీద పెట్టాలి. సంబంధం ఖాయం చేసే ముందు ప్రతి అమ్మాయి తండ్రీ అబ్బాయి జీతం ఎంత అని అడుగుతున్నాడు. ఆ ఫారంలో ఏముంది, సంతకం ఎవరు పెడతారు, నా కూతురికి దాని నకలు ఎప్పుడు ఇస్తారు అని కూడా అడగాలి. ఆ ప్రశ్న అడగడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.